చెప్పకుండా పెట్టిన సంతకం

యూనిఫారాలు కుట్టే ఆ ఫ్యాక్టరీ కింది అంతస్తులో ఒక పెద్ద బల్ల ఉంది. నలుగురు వరసగా కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు, అంత పొడవు. దాని మీద గుడ్డను యాభై పొరలుగా పరిచి, పైన అట్ట నమూనాలు పెట్టి, సుద్దతో గీతలు గీసి, కరెంటు కత్తితో ఒక్కసారే కోస్తారు. గీతలు గీసేది కటింగ్ మాస్టారు. ఆయన చేతిలో సుద్దముక్క ఉన్నంతసేపు యజమాని కూడా పక్కన నిలబడి నోరు మూసుకుంటాడు. గీత ఒక్క వేలు పక్కకి జరిగితే యాభై చొక్కాలు చెడతాయి మరి.

గీసిన గీత చెరపడని మాస్టారికి పేరు. నిజానికి అది ఆయన గొప్ప కాదు, పని పద్ధతి. ఆయన ఒక చివర గీసుకుంటూ పోతుంటే గీసేసిన చివర నుంచి కోసేవాడు మొదలుపెట్టేస్తాడు. వెనక్కి వచ్చి దిద్దితే ఏది పాత గీతో ఏది కొత్తదో తెలియక గుడ్డంతా పాడవుతుంది. అందుకే ముందే బాగా ఆలోచించి గీయాలి, గీశాక ఊరుకోవాలి. గుడ్డ విషయంలో మంచి పద్ధతే. మనుషుల దగ్గర కూడా ఇదే పద్ధతి పెట్టుకున్నాడు చూడండి, కొంప అక్కడ మునిగింది.

ఆ బల్లకి ఇంకో వాడుక కూడా ఉండేది. మేడ మీద ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా కుట్టు హాల్లో ఆడవాళ్ళు దాన్ని ముందు మాస్టారి బల్ల దగ్గరికి తెచ్చేవాళ్ళు. వెడల్పాటి బల్ల, మంచి వెలుతురు, చదివిపెట్టే మనిషి. వాళ్ళకి చదువు రాదని కాదు, ఎంతో కొంత అందరికీ వచ్చు. కాని కాగితాల భాష వేరు గదా. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివి, "పెట్టు" అనో "వద్దు" అనో తేల్చేసేవాడు. ఆ ఒక్క ముక్క కోసమే వాళ్ళు వచ్చేది.

ఇరవై రెండేళ్ళ కిందట అలాగే ఒక కాగితం వచ్చింది. పని మానేశాక బతకడానికి పొదుపు అట. నెలనెలా జీతంలో వందకి అయిదు మనం వేస్తే కంపెనీ ఇంకో అయిదు వేస్తుంది. అరవై ఏళ్ళు నిండేదాకా ముట్టుకోవడానికి లేదు. ఇష్టమైతే చేరచ్చు, లేకపోతే లేదు. మేడ మీద పదిమందీ ఆ సాయంత్రానికే సంతకాలు చేసేశారు. వాళ్ళకి ఎవరూ చదివిపెట్టక్కర్లేదు, పైగా వాళ్ళ జీతాల్లో వందకి అయిదు తగ్గినా ఇంట్లో పాల ప్యాకెట్టు ఆగదు.

కింద పద్దెనిమిది మంది కుట్టేవాళ్ళు కాగితాలు పట్టుకుని బల్ల చుట్టూ చేరారు. మాస్టారు చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు.

"ఇది జీతంలో కోత. పేరు మార్చారంతే," అన్నాడు. "అసలే చాలీచాలని జీతం. అందులోంచి కోసుకుని వాళ్ళ దగ్గర దాచిపెడతారట. అరవై నిండేనాటికి ఈ కంపెనీ ఉంటుందో, మనమే ఉంటామో. కోసిన ముక్క మళ్ళీ తానులో కలుస్తుందా? చేతికి వచ్చిందే మనది. వద్దు."

పద్దెనిమిది కాగితాలూ ఖాళీగానే మేడెక్కాయి. పంతొమ్మిదోది మాస్టారిది, అదీ ఖాళీగానే వెళ్ళింది. ఇది చెప్పకపోతే అన్యాయం అవుతుంది, ఆ రోజు ఆయన ఎవరినీ మోసం చెయ్యలేదు. తనకి తెలిసింది చెప్పాడు, చెప్పిందే చేశాడు.

మాస్టారి అన్నయ్య అదే ఫ్యాక్టరీలో వ్యాను డ్రైవరు. వదిన కుట్టు హాల్లో కాలర్లు కుట్టేది. కాలరు కుట్టడం అందరికీ చేతకాదు, రెండు కొసలూ ఒకేలా రావాలి. "మెడ చుట్టూ ఉండేది గదా, వంకర పోతే తొడుక్కున్నవాళ్ళకన్నా ముందు ఎదుటివాళ్ళకి కనిపిస్తుంది," అనేది వదిన. నవ్వు ముఖం మనిషి. మాస్టారిని కూడా పట్టుకుని ఆటపట్టించేది, "మా మరిది గీత గీస్తే దేవుడు దిగివచ్చినా చెరపలేడు, పెళ్ళాం మాత్రం చీపురుతో చెరిపేస్తుంది," అని.

ఆ కాగితం వచ్చి ఏడాది తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం అన్నయ్య వ్యాను తెచ్చి గేటు దగ్గర ఆపాడు. స్టీరింగు మీద తల వాల్చాడు, మళ్ళీ ఎత్తలేదు. నలభై రెండేళ్ళ వయసు, తొమ్మిదేళ్ళ కొడుకు. ఇంట్లో బీరువా వెతికింది మాస్టారే. ఇన్నేళ్ళ సంపాదన ఏదని చూస్తే నెలాఖరుదాకా సరిపెట్టుకునేంత ఉంది, దాని కింద కరెంటు బిల్లు ఉంది.

ఆ నెలలోనే హాజరు పుస్తకం పక్కన నోటీసు అంటించారు. పొదుపులో చేరనివాళ్ళకి నెలాఖరు వరకే ఆఖరి అవకాశం, ఆ తర్వాత కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి మొదటి నెలలో తప్ప ఇంకెవరికీ లేదు. మాస్టారు దాన్ని చదువుతూ నిలబడిపోయాడు. అన్నయ్య బీరువా చూసి వచ్చిన కళ్ళవి. చావు భయం కన్నా పెద్ద భయం పట్టుకుంది, బతికితే ఏం తినాలనే భయం. మర్నాడు హాలంతా భోజనాలకి కూర్చున్నప్పుడు మెల్లిగా మేడెక్కి సంతకం పెట్టేసి దిగాడు.

కిందికి వచ్చాక చెప్పాలనే అనుకున్నాడు, ఒట్టు. మెట్ల మీద మాటలు కూడా కూర్చుకున్నాడు. తీరా హాల్లోకి వచ్చేసరికి పద్దెనిమిది మంది తలలు ఎత్తి, "ఏం మాస్టారూ, భోంచెయ్యలేదా?" అన్నారు. ఏడాది కిందట వద్దన్న నోటితో ఇవాళ పెట్టమంటే వీళ్ళు ఏమనుకుంటారు? రేపు చెబుదాంలే అనుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించేవాళ్ళని చూశాం. ఈయన నాలుగో కాలు తన కళ్ళతో చూసుకుని, తన వరకు దాన్ని గట్టిగా పట్టుకుని, జనానికి మాత్రం మూడేనని వదిలేశాడు.

ఆ వారంలోనే వదిన బల్ల దగ్గరికి వచ్చింది. అప్పటికింకా నవ్వడం మళ్ళీ మొదలుపెట్టలేదు.

"ఆ పొదుపు కాగితం మళ్ళీ వచ్చిందటగా మరిదీ. ఈసారైనా పెట్టమంటావా? ఆయన పోయాక నాకు ఊరికే భయం వేస్తోంది."

మాస్టారు సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. "పిల్లాడు చిన్నవాడు వదినా. వాడి బడి ఫీజులు, ఇంటద్దె. నీకిప్పుడు చేతిలో డబ్బు ముఖ్యం. అది మనలాంటివాళ్ళకి కాదులే."

వదిన తలూపి వెళ్ళిపోయింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే చిక్కు. పచ్చి అబద్ధమైతే ఎప్పుడో ఒకనాడు గొంతుకి అడ్డం పడేది. సగం నిజం గనక ఇరవై ఏళ్ళు హాయిగా మింగగలిగాడు. ఆవిడకి నిజంగానే డబ్బు అవసరం, నేను ఆవిడ మంచికే చెప్పాను, అని తనకి తనే చెప్పుకునేవాడు. "మనలాంటివాళ్ళకి" అన్న ముక్క మాత్రం గుర్తు రాకుండా జాగ్రత్తపడేవాడు.

ఏటా ఒకసారి మేడ మీద అందరికీ కవర్లు వచ్చేవి, ఎవరి పొదుపు ఎంతైందో. కింది అంతస్తుకి ఒకే ఒక్క కవరు. దాన్ని కిందికి పంపొద్దని, తనే వచ్చి తీసుకుంటానని గుమాస్తాకి చెప్పి పెట్టుకున్నాడు మాస్టారు. తీసుకుని చొక్కా లోపల దోపుకుని, తేలు కుట్టిన దొంగలా దిగేవాడు. భార్యకి తెలుసు. మొదటి ఏడు కవరు చూసి, "అక్కకి చెప్పారా?" అంది. "చూద్దాం," అన్నాడు. రెండో ఏడూ అడిగింది. తర్వాత అడగడం మానేసి, కవరు తెచ్చిన రోజున ఆయనతో మాట్లాడటం కూడా మానేసేది.

ఈలోపు ఒక్కొక్కళ్ళకే అరవై నిండుతూ వచ్చింది. మేడ మీదవాళ్ళు పని మానేస్తుంటే, "ఇక ఎక్కడెక్కడ తిరిగొస్తారు?" అని అడిగేవాళ్ళు. కింద మానేసేవాళ్ళని, "ఇక ఏం పని చూసుకుంటున్నావు?" అని అడిగేవాళ్ళు. ఒకే గేటులోంచి ఒకే వయసులో బయటికి వెళ్ళేవాళ్ళకి ఇన్ని తేడాలు. జేబులు కుట్టే ఆవిడ ముప్ఫై ఏళ్ళు కుట్టి, శాలువా ఒకటి కప్పించుకుని వెళ్ళింది. మూడు నెలల తర్వాత బస్టాపు పక్కన ఆసుపత్రి మెట్లు తుడుస్తూ మాస్టారికి కనబడింది. "బాగున్నారా మాస్టారూ," అని తుడుపుగుడ్డ పక్కన పెట్టి మరీ పలకరించింది. అంతే, మర్నాటి నుంచి ఆయన ఒక స్టాపు ముందే దిగి నడిచి రావడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ నొప్పులకి నడక మంచిదని ఇంట్లో చెప్పాడు.

ఇక అసలు సంగతికి వద్దాం. వదిన కొడుకు పెద్దవాడయ్యాడు, పెళ్ళయింది. ఆ కోడలు ఈ మధ్యే ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టే పనిలో చేరింది. చేరిన నాలుగో వారం, బుధవారం మధ్యాహ్నం, అందరూ డబ్బాలు విప్పుకుని తింటున్నారు. కోడలు చేతిలో పొదుపు కాగితం ఉంది. శుక్రవారం పన్నెండింటికి ఆమె మొదటి నెల గడువు అయిపోతుంది. మాస్టారు బల్ల చివర కూర్చుని తింటూ వింటున్నాడు.

"అత్తయ్యా, ఇది పెట్టాలా వద్దా?"

"మీ చిన్న మామయ్య ఎప్పుడో చెప్పాడమ్మా, అది జీతంలో కోతని. కోసిన ముక్క మళ్ళీ తానులో కలవదు. చేతికి వచ్చిందే మనది," అంది వదిన. ఇరవై రెండేళ్ళ కిందటి మాట, పొల్లు పోకుండా. "ఇక్కడ ఎవరం పెట్టలేదు. నీ ముందు చేరిన ఆరుగురు పిల్లలకీ నేనే చెప్పాను."

మాస్టారు చేతిలో ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. తను పద్దెనిమిది మందికి చెప్పి వదిలేశాననుకున్నాడు. ఆ మాట తను లేనిచోట కూడా నడుచుకుంటూ వెళ్ళి, తను చూడని పిల్లల కాగితాలు కూడా ఖాళీ చేస్తోంది. అదీ వదిన నోటితో. ఆవిడ ఎంత నమ్మకంగా చెప్పిందో చూస్తే ఆయనకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ముందు తప్పించుకునే దారే వెతికాడు, దాచడం ఎందుకు. డబ్బా మూసి, గొంతు సవరించుకుని, "అమ్మాయ్, ఇప్పుడు రూల్సు మారాయటలే. పెట్టెయ్," అన్నాడు, ఏదో పాత గుడ్డ సంగతి చెప్పినట్టు.

"ఏం మారాయి?" అంది వదిన.

మాస్టారు నీళ్ళు నమిలాడు. "అంటే... కంపెనీ కూడా వేస్తుందట."

"అప్పుడూ వేస్తామనే గదా అన్నారు. నువ్వే చదివావు." వదిన నవ్వింది. "మా మరిది గీత చెరుపుతున్నాడర్రా, ఇవాళ వాన పడుతుంది." అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వి కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది.

గురువారం మాస్టారు మూడుసార్లు బొత్తాల మిషన్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఒకసారి దారం కావాలన్నాడు, ఒకసారి ఫ్యాను చూడ్డానికి వచ్చానన్నాడు, మూడోసారి ఏమీ అనలేదు. ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్ళు. ఇప్పుడు పెట్టకపోతే ఇక పెట్టలేదు, ముప్ఫై ఆరేళ్ళు బొత్తాలు కుట్టి ఒట్టి చేతులతో వెళుతుంది. ఊరికే పెట్టమంటే పెట్టదు, అత్తగారు వద్దంది. అత్తగారు మాట మార్చాలంటే తను నోరు విప్పాలి. ఇంకో దారి ఉందేమోనని సాయంత్రం దాకా చూశాడు. లేదు. ఇంటికి వెళ్ళగానే భార్య ఆయన ముఖం చూసి, ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే మాట అడిగింది, "అక్కకి చెప్పారా?" అని.

శుక్రవారం పదకొండున్నరకి గుమాస్తా కాగితాలు పోగు చెయ్యడానికి వచ్చింది. కోడలు ఖాళీ కాగితం తీసి ఇవ్వబోయింది. మాస్టారు బల్ల దగ్గర్నుంచి వచ్చి దాన్ని మధ్యలోనే అందుకున్నాడు. గుమాస్తాని అయిదు నిమిషాలు ఆగమని, వదినని, కోడల్ని తన బల్ల దగ్గరికి పిలిచాడు.

"నేను పెట్టాను వదినా," అన్నాడు.

"ఏం పెట్టావు?"

"సంతకం. ఈ పొదుపులో. నాకు ఉంది."

వదినకి వెంటనే ఎక్కలేదు. కొత్తగా ఏదో పెట్టాడనుకుంది. "ఈ వయసులో ఇస్తారా? ఎప్పుడు పెట్టావు?"

"అన్నయ్య పోయిన నెల."

మిషన్లు నడుస్తున్నాయి. వదిన బల్ల మీద పరిచిన గుడ్డ అంచు పట్టుకుని, ఆ పొరలు సరిచేస్తున్నట్టు వేళ్ళు కదిపింది. "నేను నిన్ను అడిగింది కూడా ఆ నెలే," అంది.

"అవును."

"నేను అడిగేసరికి పెట్టేశావా? ఆ తర్వాత పెట్టావా?"

తర్వాత అని చెప్పచ్చు. ఎవరూ వెళ్ళి చూడరు. నిన్ను వద్దన్నాక నాకే అనుమానం వచ్చి పెట్టాను అంటే సగం పరువైనా మిగిలేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మాస్టారు దాన్ని అక్కడే ఆపేశాడు. ఆయన జీవితంలో మెచ్చుకోవలసిన క్షణం ఏదైనా ఉంటే ఇదే, ఇది కూడా ఇరవై ఒక్కేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

"అప్పటికే పెట్టేశాను," అన్నాడు.

వదిన ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆయనకి అనిపించింది. ఆవిడ కాగితం అందుకుని బల్ల మీద పరిచి, అక్కడున్న పెన్ను కోడలి చేతికిచ్చి, "పెట్టమ్మా," అంది. కోడలు చిన్న మామగారి ముఖం చూడలేక తల వంచుకునే సంతకం చేసి, గుమాస్తాకి ఇవ్వడానికి వెళ్ళిపోయింది.

"వదినా, ఇంకో రెండేళ్ళలో అది నా చేతికి వస్తుంది," అన్నాడు మాస్టారు. "అందులో సగం నీకిస్తాను. ఇవాళే రాసిస్తాను."

"ఇవ్వు, తీసుకుంటాను," అంది వదిన. "వద్దనడానికి నాకేం మిగిలిందని? ఇంకో మూడేళ్ళలో నాకూ అరవై. ఆ ఆసుపత్రి మెట్లు నేనూ రోజూ చూస్తూనే ఉన్నాను." అని హాలు వైపు తల తిప్పింది. "అక్కడ ఇంకా పదకొండు మంది ఉన్నారు, అప్పటివాళ్ళు. నా మాట విని మానేసిన పిల్లలు ఆరుగురున్నారు. వాళ్ళకి దేంట్లో సగం ఇస్తావు?"

మళ్ళీ వదినే, "పిల్లలకి నేను చెబుతాను, నా తప్పు నాది. అప్పటివాళ్ళకి నువ్వే చెప్పు," అని వెళ్ళి తన మిషను ముందు కూర్చుంది. కుట్టడం మాత్రం మొదలుపెట్టలేదు.

భోజనాల గంట ఇంకా మోగలేదు. ప్రతిరోజూ గంటకి అయిదు నిమిషాల ముందే "టైమైంది" అని అరిచే ఆవిడ ఒకతె ఉంది, అందుకే ఆవిడని అందరూ గడియారం అంటారు. ఆవిడ అరిచింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. మాస్టారు మిషన్ల వరసల మధ్యకి వచ్చి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన హాలు మధ్యకి అలా రావడం ఎవరూ చూడలేదు, వాళ్ళే ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

చెప్పాడు. కాగితం సంగతి, రెండో నోటీసు సంగతి, తను మేడెక్కిన సంగతి, ఏటా వచ్చే కవరు సంగతి. యజమానిని ఇంకోసారి తెరవమని అడుగుతానని, ఆయన ఒప్పుకుంటాడని నమ్మకం లేదని కూడా చెప్పాడు. ఎవరి డబ్బా మూత వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. వదిన తన మిషను చక్రం వైపు చూస్తూ కూర్చుంది.

"మరి అప్పుడు మాకెందుకు చెప్పలేదు మాస్టారూ?" అని అడిగింది గడియారం. కోపంగా అడగలేదు. తెలియని కాగితం తెచ్చి అడిగేటప్పుడు ఎలా అడిగేదో అలాగే అడిగింది.

"వద్దన్నది నేనే గదా. మళ్ళీ నేనే పెట్టమంటే నా మాటకి విలువ పోతుందనుకున్నాను."

వాళ్ళు ఇంకా చూస్తూనే ఉన్నారు. ఇంత జరిగిందంటే వెనకాల ఏదో పెద్ద కారణం ఉండే ఉంటుందని, మేడ మీదవాళ్ళు బెదిరించారనో, ఎవరో ఒట్టు పెట్టించుకున్నారనో చెబుతాడని. ఆయన మీద వాళ్ళకి ఇంకా అంత మంచి అభిప్రాయం ఉంది. ఆయన చెప్పడం అయిపోయిందని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"అంతేనా?" అంది గడియారం.

"అంతే," అన్నాడు మాస్టారు.